చేతులు మారినంత మాత్రాన గ్రంథం చెడిపోయినట్టేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "వేదం కానీ, బైబిలు కానీ, ఖురాన్ కానీ, మహాభారతం కానీ వేల ఏళ్లుగా ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ వచ్చాయి. ఆపైన అనువాదాలు, అనువాదాలకు అనువాదాలు. చెవిలో మాట చెప్పుకునే ఆటలో లాగా చివరికి మిగిలేది మొదటి మాట కాదు కదా? బైబిల్లో లక్షల తప్పులున్నాయని కూడా ఎక్కడో చదివాను. మా స్నేహితుడేమో ఒక్క అక్షరం కూడా మారలేదని వాదిస్తాడు. ఎవరిది నిజం? ఎలాంటి అనువాదం చదవాలి? మూలభాష నేర్చుకోవాలా?"

సూటిగా చెబుతాను. మీ ఇద్దరి మాటా పూర్తిగా నిలవదు. ఈ గ్రంథాల పాఠం, అంటే వాటిలోని అసలు మాటలు, మీరనుకుంటున్న దానికంటే చాలా భద్రంగా మన దాకా వచ్చింది. మీ స్నేహితుడు అనుకుంటున్నంత చెక్కుచెదరకుండా మాత్రం రాలేదు. ఎక్కడెక్కడ తేడాలున్నాయో మనకు చాలావరకు తెలుసు. ఆ తేడాలున్న ప్రతులు ఇంకా మన దగ్గర ఉన్నాయి కాబట్టే తెలుసు. నకలు రాసేవాడి కంటే అనువదించేవాడి దగ్గర ప్రమాదం ఎక్కువ. ఒక్క వాక్యం తుంచి తెచ్చి వాదనకు వాడుకునేవాడి దగ్గర ఇంకా ఎక్కువ.

నేను చాలా ఏళ్లుగా రాతప్రతులను పోల్చి చూసి పాఠం నిర్ణయించే పనిలోనూ, అనువాదాలను మూలంతో సరిచూసే పనిలోనూ ఉన్నాను. సంస్కృతం, తెలుగు ప్రతులు నేరుగా చదువుతాను. హీబ్రూ, గ్రీకు, అరబీ గ్రంథాల విషయంలో ఆ భాషల పండితులు పరిష్కరించి అచ్చువేసిన ప్రతుల మీద ఆధారపడతాను. ఈ జవాబును ఆ ఎరుకతోనే చదవండి.

"నమ్మవచ్చా" అన్న ఒక్క మాటలో వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఈ వాదనలు ఎడతెగకుండా సాగడానికి సగం కారణం అదే. మొదట చెప్పిన పాఠమే మనకు చేరిందా అన్నది ఒకటి. దాన్ని మన భాషలోకి సరిగ్గా తెచ్చారా అన్నది ఇంకొకటి. అందులో చెప్పినది సత్యమా, దైవవాక్కా అన్నది పూర్తిగా వేరు. మొదటిదానికి రాతప్రతులు జవాబు చెబుతాయి, రెండోదానికి వ్యాకరణం, వ్యాఖ్యానాలు తోడ్పడతాయి. మూడోదానికి ఏ తాళపత్రమూ జవాబు చెప్పదు. పాఠం భద్రంగా ఉంది కాబట్టి అది దేవుడి మాటేనని తేల్చేయడం తొందరపాటు. పాఠాంతరాలు, అంటే ప్రతికీ ప్రతికీ మాటల్లో తేడాలు ఉన్నాయి కాబట్టి మతమే అబద్ధమనడం కూడా అంతే తొందరపాటు. నేను మొదటి రెండింటికే పరిమితమవుతాను.

చెవిలో మాట ఆట ఇక్కడ ఎందుకు వర్తించదు

ఆ ఆటలో ఉండేది ఒకే గొలుసు. మధ్యలో ఎవరు ఏమన్నారో గాలిలో కలిసిపోతుంది, చివరివాడి మాట ఒక్కటే మిగులుతుంది. రాతప్రతుల సంగతి అలా కాదు. ఒక ప్రతి నుంచి పది నకళ్లు వెళతాయి, ఆ పదీ పది ఊళ్లకు పోయి మళ్లీ నకళ్లవుతాయి. ఒక ఊళ్లో దొర్లిన తప్పు మిగతా తొమ్మిది ఊళ్లలో అదే చోట, అదే రకంగా దొర్లదు. అందుకని దూరదూరంగా ఉన్న ప్రతులను పక్కపక్కన పెట్టి చూస్తే తప్పు ఎక్కడ పుట్టిందో తరచుగా కనిపించిపోతుంది. పైగా పాత ప్రతులు కొన్ని నేటికీ ఉన్నాయి. మొదట్లో కూర్చున్నవాణ్ణి వెనక్కి వెళ్లి అడిగే అవకాశం ఆ ఆటలో లేదు, ఇక్కడ ఉంది.

నకలు రాసేవాడు చేసే తప్పులు కూడా ఎలాబడితే అలా ఉండవు. వాటికి ఒక తీరు ఉంటుంది. పాత ప్రతుల్లో పదాల మధ్య ఖాళీ ఉండదు, అక్షరాలన్నీ బారుగా సాగిపోతాయి. ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీతే. ప, వ పోలికగా ఉంటాయి. వీటన్నిటికంటే తరచుగా కనిపించేది కన్ను జారడం. రెండు పాదాలు ఒకే మాటతో ముగిస్తే, రాసేవాడు తల వంచి రాసుకుని మళ్లీ తలెత్తి చూసేసరికి కన్ను రెండో పాదం దగ్గరికి వెళ్లిపోతుంది, మధ్య భాగం ఎగిరిపోతుంది. తాళపత్రాలు పోల్చేటప్పుడు ఒక ప్రతిలో శ్లోకం సగం కనబడకపోతే నేను మొదట చూసేది ఇదే. వదిలిపోయిన ముక్కకు ముందూ చివరా ఒకే మాట ఉందా? ఉంటే అది కుట్రా కాదు, సంస్కరణా కాదు, అలసిపోయిన కన్ను.

దీనికి ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1947లో మృత సముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహల్లో బైబిల్లోని యెషయా గ్రంథపు తోలుచుట్ట దొరికింది. పొడవు ఏడు మీటర్ల పైచిలుకు, దాదాపు 66 అధ్యాయాలూ ఉన్నాయి, క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నాటిది. హీబ్రూ బైబిలు మొత్తం చెక్కుచెదరకుండా నేటికీ మిగిలి ఉన్న ప్రతుల్లో పాతది 1008 నాటి లెనిన్‌గ్రాడ్ ప్రతి. అంటే ఒక్కసారిగా వెయ్యేళ్లకు పైగా వెనక్కి వెళ్లి సరిచూసుకునే అవకాశం వచ్చింది. పోల్చి చూస్తే తేడాలు చాలానే ఉన్నాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం వర్ణక్రమానివి, చిన్నచిన్న అవ్యయాలవి. గ్రంథం అదే గ్రంథం.

ఆ చుట్టలో 40వ అధ్యాయం దగ్గర చూడండి. "గడ్డి ఎండిపోతుంది, పువ్వు వాడిపోతుంది" అన్న మాట 7వ వచనంలో ఒకసారి, 8వ వచనంలో ఒకసారి వస్తుంది. మొదట రాసినవాడు ఒకదాని నుంచి రెండోదానికి దూకేశాడు, మధ్య భాగం లేదు. తరవాత ఇంకో చెయ్యి ఆ భాగాన్ని వరుసల మధ్యా, అంచులోనూ ఇరికించి రాసింది. రెండు చేతివ్రాతలూ ఈరోజుకీ కనబడతాయి. కన్ను జారిందని చాలామంది అంటారు. పాత గ్రీకు అనువాదంలో కూడా ఆ భాగం లేదు కాబట్టి చిన్న పాఠమే అసలుదేమో అని కొందరంటారు. పాఠ పరిష్కరణ అంటే ఇదే. ఎవరూ దేన్నీ దాచరు, రెండు పక్షాలకూ అదే తోలు ఆధారం.

ఇక్కడే మీ స్నేహితుడికి ఒక మాట. అదే కుమ్రాన్‌లో యిర్మియా గ్రంథపు తునకలు కూడా దొరికాయి. యిర్మియాకు పాత గ్రీకు అనువాదం హీబ్రూ పాఠం కంటే సుమారు ఎనిమిదో వంతు చిన్నది, అధ్యాయాల వరుస కూడా వేరు. గ్రీకు అనువాదకులే కత్తిరించారని చాలాకాలం చాలామంది అనుకున్నారు. కుమ్రాన్ తునకల్లో కొన్ని హీబ్రూలోనే ఆ చిన్న పాఠాన్ని చూపించాయి. అంటే ఆ రోజుల్లో యిర్మియా గ్రంథం రెండు రూపాల్లో చలామణీలో ఉంది. యెషయా విషయంలో వచ్చిన ధైర్యాన్ని ప్రతి గ్రంథానికీ అంటగట్టకూడదు. ఏ గ్రంథం సంగతి ఆ గ్రంథం దగ్గరే తేల్చుకోవాలి.

వేదం: ధ్వని భద్రం, అర్థం వేరే కథ

వేదం దగ్గరికి వస్తే కాగితం మీద ఆధారపడే ఆలోచనే పక్కన పెట్టాలి. ఋగ్వేదంలోని 1028 సూక్తాలనూ కాపాడింది గొంతు. దానికోసం వాళ్లు కట్టుకున్న ఏర్పాటు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మొదటి మంత్రంలో మొదటి రెండు పదాలు తీసుకోండి: అగ్నిమ్, ఈళే. సంహితలో "అగ్నిమీళే" అని కలిపి చదువుతారు. పదపాఠంలో విడదీసి చదువుతారు. జటాపాఠంలో ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు చదవాలి: "అగ్నిమీళ ఈళేఽగ్నిమగ్నిమీళే". వెనక్కి తిప్పినప్పుడు సంధి మారిపోతుంది చూశారా? ఘనపాఠంలో ఈ మెలికలు మూడేసి పదాలకు విస్తరిస్తాయి. ఒక పదంలో ఒక్క అక్షరం జారినా సంధి కుదరదు, స్వరం కుదరదు, పక్కన కూర్చున్నవాడు వెంటనే పట్టుకుంటాడు. శ్రుతి పాఠం ఎంత భద్రంగా ఉందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కానీ ఇది కాపాడింది ధ్వనిని. అర్థం విషయంలో గొడవ చాలా పాతది. యాస్కుడు వేదపదాల అర్థాలు వివరించే నిరుక్తం అనే ప్రాచీన గ్రంథంలో కౌత్సుడనే ఆయన వాదాన్ని చెబుతాడు: "అనర్థకా హి మంత్రాః", మంత్రాలకు అర్థం లేదని. యాస్కుడి జవాబు పదునైనది. గుడ్డివాడికి స్తంభం కనబడకపోతే అది స్తంభం తప్పు కాదు అంటాడు. ఆయన పక్షాన నిలబడి ఉందామన్నా, అంత ప్రాచీనకాలంలోనే వేదంలోని కొన్ని పదాల అర్థం వివాదంలో పడిందన్న సంగతి దీన్నిబట్టి స్పష్టమవుతుంది. 14వ శతాబ్దంలో సాయణుడు భాష్యం రాసేనాటికి ఎన్నో చోట్ల ఒకే పదానికి రెండు మూడు అర్థాలు ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి "వేదంలో ఇలా ఉంది" అని ఎవరైనా తెలుగులోనో ఇంగ్లీషులోనో ఒక వాక్యం చెబితే, పాఠం మీద నమ్మకాన్ని ఆ అనువాదం మీదికి మళ్లించకండి. పాఠపు భద్రత వేరు, అర్థపు భద్రత వేరు. అదీగాక వేదశాఖలు ఎన్నో నశించాయి. ఋగ్వేదంలో ఇవాళ ప్రధానంగా మిగిలింది శాకల శాఖ. మిగిలినది భద్రంగా ఉందనడం సబబే, మొత్తం మిగిలిందనడం కాదు.

పాఠం, అర్థం, వాదన మూడూ ఒకే చోట ఢీకొన్న సందర్భం ఒకటుంది. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో ప్రాణాల సంగతి ఉంది.

ఋగ్వేదం పదో మండలం, 18వ సూక్తం, 7వ మంత్రం. అంత్యక్రియల సందర్భం. "ఇమా నారీరవిధవాః సుపత్నీః" అని మొదలై "ఆ రోహన్తు జనయో యోనిమగ్రే" అని ముగుస్తుంది. ఈ స్త్రీలు, వైధవ్యం లేనివాళ్లు, మంచి భర్తలున్నవాళ్లు, కన్నీళ్లు లేకుండా, ఆరోగ్యంగా, ఆభరణాలతో ముందుగా తమ స్థానానికి చేరాలి అని భావం. అగ్రే అంటే ముందుగా. సహగమనాన్ని సమర్థించడానికి ఈ మంత్రాన్ని ప్రమాణంగా చూపేవాళ్లు. వాళ్లు చూపించిన పాఠంలో చివర ఉన్నది "అగ్రే" కాదు, "అగ్నేః". స్త్రీలు ముందుగా వెళ్లాలి అన్నది కాస్తా అగ్నిలోకి వెళ్లాలి అయిపోయింది. 1795లో ఇంగ్లీషు పండితుడు కోల్‌బ్రూక్ సహగమనం మీద రాసిన వ్యాసంలో అనువదించింది ఈ అగ్ని పాఠాన్నే. 19వ శతాబ్దంలో ఐరోపా సంస్కృత పండితులు విల్సన్, మాక్స్ ముల్లర్ సంహిత పాఠంతో పోల్చి ఇది తప్పని బయటపెట్టారు.

రాతలో గ్రకూ గ్నకూ మధ్య ఉన్నది ఒక్క ఒత్తు తేడా. కావాలని మార్చారా, చెయ్యి జారిందా అన్నదాని మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. మాక్స్ ముల్లర్ కావాలనే చేశారన్నాడు. పొరపాటే కావచ్చన్నవాళ్లూ ఉన్నారు. నన్ను కదిలించేది వేరే సంగతి. వేదం వల్లించేవాళ్ల నోట ఆ పదం ఏనాడూ మారలేదు. పదపాఠంలో "అగ్రే" విడిగా నిలబడి ఉంది. ప్రమాణం కావాలంటే ఒక వేదపండితుణ్ణి ఆ మంత్రం చెప్పమంటే సరిపోయేది. అదీ అక్కర్లేదు, ఆ మంత్రంలోనే "అవిధవాః" అని ఉంది, అది విధవల గురించిన మంత్రమే కాదు. దాని పక్కనే ఉన్న 8వ మంత్రం భర్త శవం పక్కన ఉన్న స్త్రీని "ఉదీర్ష్వ నారి", లే అమ్మా, బతికున్నవాళ్ల లోకానికి రా అంటుంది. ముందు పాదం, తరవాతి మంత్రం చదివి ఉంటే ఆ వాదన అక్కడే కూలిపోయేది. తుంచి తెచ్చిన పాదం ఎంత ప్రమాదమో చెప్పడానికి నేను ఎప్పుడూ ఇదే చూపిస్తాను.

కొత్త నిబంధన, ఖురాన్

కొత్త నిబంధనకు గ్రీకు రాతప్రతులు ఐదు వేలకు పైగా ఉన్నాయి. "లక్షల తప్పులు" అని మీరు ఎక్కడో చదివానన్నది దీని గురించే అయి ఉంటుంది. ఆ లెక్క భయపెడుతుంది కానీ అది ఎలా పుడుతుందో చూడండి. 1707లో జాన్ మిల్ దాదాపు వంద ప్రతులు పోల్చి సుమారు 30 వేల పాఠభేదాలు చూపించాడు. ప్రతులు పెరిగేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతుంది, ఎందుకంటే ఒక ప్రతిలోని ఒక్క వర్ణక్రమ దోషం కూడా ఒక పాఠభేదమే. ఒకే ఒక్క ప్రతి మిగిలి ఉంటే పాఠభేదాలు సున్నా. అప్పుడు మన దగ్గర సరిచూసుకునే దారి కూడా సున్నా. పాఠభేదాలు ఎక్కువ దొరికాయంటే సాక్షులు ఎక్కువమంది ఉన్నారని అర్థం.

అయితే పట్టించుకోవాల్సిన చోట్లు ఉన్నాయి. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు (16:9 నుంచి 20) నాలుగో శతాబ్దపు రెండు ప్రసిద్ధ ప్రతులు సినాయ్, వాటికన్ ప్రతుల్లో లేవు. వ్యభిచారంలో పట్టుబడ్డ స్త్రీ కథ, "మీలో పాపం లేనివాడు మొదటి రాయి వేయాలి" అన్న ఘట్టం, యోహాను సువార్త పాత ప్రతుల్లో లేదు. త్రిత్వాన్ని నేరుగా చెప్పే 1 యోహాను 5:7లోని వాక్యం పాత గ్రీకు ప్రతుల్లో లేదు. 1516లో గ్రీకు పాఠాన్ని అచ్చువేసిన ఎరాస్మస్ దాన్ని చేర్చలేదు, విమర్శలు వచ్చాక 1522 కూర్పులో చేర్చాడు. అక్కడి నుంచి అది 1611 నాటి ఇంగ్లీషు బైబిలుకూ, దాన్ని అనుసరించిన వాటికీ పాకింది. ఇవాళ మంచి ప్రతులు వీటిని కుండలీకరణాల్లోనో అడుగుసూచికలోనో పెట్టి సంగతి చెప్పేస్తాయి. మీ చేతిలో ఉన్న ప్రతి ఈ చోట్ల ఏం చేసిందో చూడండి. దాని నిజాయితీ అక్కడే తెలిసిపోతుంది.

ఖురాన్ పరిస్థితి వేరు. మూడో ఖలీఫా ఉస్మాన్ కాలంలో (644 నుంచి 656) ఒక ప్రామాణిక లిఖిత పాఠాన్ని స్థిరపరిచి నగరాలకు పంపినట్టు సంప్రదాయం చెబుతుంది. బర్మింగ్‌హామ్‌లోని రెండు ఆకుల తోలును కార్బన్ పరీక్ష చేస్తే 568 నుంచి 645 మధ్యదని తేలింది. ఆ తేదీ తోలుది, సిరాది కాదు, ఇది గుర్తుంచుకోవాలి. అయినా లిఖిత పాఠం చాలా తొందరగా స్థిరపడిందనడానికి ప్రతుల సాక్ష్యం గట్టిగానే ఉంది. మరోవైపు 1972లో యెమెన్‌లోని సనా పెద్ద మసీదులో దొరికిన ఒక ప్రతిలో, పై రాత కింద చెరిపేసి ఉన్న పాత రాతలో, కొన్ని పదాలూ సూరాల (అధ్యాయాల) వరుసా వేరుగా ఉన్నాయి. ఇక పఠన భేదాలను ముస్లిం పండితులు ఎప్పుడూ దాచలేదు, వాటిని ఖిరాఅత్ అని ఒక శాస్త్రంగానే నేర్చుకుంటారు. మొదటి సూరాలో తీర్పు దినానికి "యజమాని" అని హఫ్స్ పఠనం, "రాజు" అని వర్ష్ పఠనం. "ఒక్క అక్షరం మారలేదు" అని వాదించేవాళ్లు తమ సంప్రదాయం లోపలే ఉన్న ఈ సంపదను తెలియక తక్కువ చేస్తున్నారని నాకనిపిస్తుంది.

ఇతిహాసాలకు వేరే కొలమానం

మహాభారతం విషయంలో "అసలు పాఠం ఏది" అన్న ప్రశ్నే సూటిగా నిలబడదు. అది పెరిగిన గ్రంథం. పుణేలోని భండార్కర్ సంస్థ 1919లో మొదలుపెట్టి 1966లో ముగించిన పరిష్కృత ప్రతికి 1,259 రాతప్రతులను పరిశీలించారు. ఆ ప్రతికి సంపాదకుడైన సుక్తంకర్ పాటించిన సూత్రం చాలా చక్కనిది. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా దూరంగా ఉన్న శాఖలు ఒకే పాఠం ఇస్తే అది పాతది. కాశ్మీరపు శారదా లిపి ప్రతికీ మలయాళ లిపి ప్రతికీ ఒకే తప్పు యాదృచ్ఛికంగా రాదు కదా. ఆ లెక్కన వినాయకుడు వ్యాసుడికి లేఖకుడైన కథ అనుబంధానికి వెళ్లింది. ద్రౌపది కృష్ణుణ్ణి మొరపెట్టుకునే ప్రార్థన కూడా ప్రధాన పాఠంలో లేదు. చీరలు వస్తాయి, ఎవరు ఇచ్చారన్నది చెప్పదు.

ఇది విని చాలామంది బాధపడతారు. బాధపడాల్సిన పని లేదు. పరిష్కృత ప్రతి చెప్పేది "అన్ని శాఖల్లోనూ ఉన్న ఉమ్మడి పాఠం ఇదీ" అని మాత్రమే. మిగతాది అబద్ధమని కాదు, తరవాత చేరిందని. అచ్చంగా ఆ పరిష్కృత రూపంలో భారతాన్ని ఏ ఊళ్లోనూ ఎవరూ పారాయణ చేసి ఉండరన్న విమర్శ కూడా ఉంది, అది న్యాయమైన విమర్శే. రామాయణంలో లక్ష్మణరేఖ వాల్మీకిలో లేదు. అహల్య రాయి కావడమూ లేదు. గాలిని ఆహారంగా తీసుకుంటూ, బూడిదలో పడుకుని, ఎవరికీ కనబడకుండా ఉండమని శాపం. ఆ కథలు అవాస్తవమని కాదు నేను చెప్పేది, "వాల్మీకి చెప్పాడు" అనకూడదని.

అనువాదం దగ్గర ఏం చూడాలి

అనువాదం అనగానే మూలాన్ని పాడుచేసేది అనుకుంటాం. కొన్నిసార్లు అనువాదమే మూలానికి సాక్షి. పైన చెప్పిన యిర్మియా అలాంటిదే. 179లో లోకక్షేముడనే బౌద్ధ భిక్షువు చైనాభాషలోకి తెచ్చిన ప్రజ్ఞాపారమిత అనే బౌద్ధ గ్రంథం, ఇవాళ దొరికే పూర్తి సంస్కృత ప్రతుల కంటే పాత దశను చూపిస్తుంది. మూలం పెరుగుతూ పోతుంటే అనువాదం ఒక తేదీ దగ్గర ఆగి నిలబడింది.

ఇబ్బంది ఎక్కడంటే, మూలంలో రెండు దారులు తెరిచి ఉన్నచోట అనువాదకుడు ఒకటి మూసేయాల్సి వస్తుంది. యెషయా 7:14లో హీబ్రూ మాటకు యువతి అని అర్థం. గ్రీకు అనువాదకులు కన్య అనే మాట వాడారు. మత్తయి సువార్త ఆ గ్రీకు మాటనే ఉదహరించింది. 1952లో వచ్చిన ఒక ఇంగ్లీషు అనువాదం యువతి అని వేస్తే పెద్ద గొడవ జరిగింది. గీత 18:66లో "సర్వధర్మాన్ పరిత్యజ్య" చూడండి. శంకరులు దీన్ని సర్వకర్మ సన్యాసమన్నారు. రామానుజులు కర్మలు చేస్తూనే ఫలాన్నీ కర్తృత్వాన్నీ విడవడమన్నారు. "అన్ని ధర్మాలనూ విడిచి" అని తెలుగులో రాసేస్తే చదివేవాడికి ఇక్కడ ఇంత చర్చ ఉందని తెలియనే తెలియదు.

అనువాదానికి అనువాదం మాత్రం నిజంగా ప్రమాదమే, ఇక్కడ మీ అనుమానం సరైనది. ఒకసారి ఉపనిషత్తుల తెలుగు అనువాదం నా దగ్గరికి సరిచూడటానికి వచ్చింది. చదువుతుంటే "త్యాగం చేసే గృహస్థు" అని మాటిమాటికీ వస్తోంది, సందర్భానికి పొసగడం లేదు. మూలం తీస్తే అక్కడ ఉన్నది యజ్ఞం. ఇంగ్లీషులో సాక్రిఫైస్ అయింది, అక్కడి నుంచి తెలుగుకు వచ్చేసరికి త్యాగమైంది. అనువాదకుడు సంస్కృతం ముఖమే చూడలేదన్నమాట. ఆ ప్రతిని పక్కన పెట్టించాం.

ఇంకో గందరగోళం అనుసరణను అనువాదం అనుకోవడం. తిక్కన భీష్మపర్వంలో గీతను బాగా కుదించి చెప్పాడు. అది ఆయన చేసిన కావ్యనిర్ణయం, గొప్ప నిర్ణయం కూడా. కానీ గీతలో ఏముందో తేల్చుకోవడానికి తిక్కన పద్యం ప్రమాణం కాదు.

ఏది చదవాలన్న మీ ప్రశ్నకు నేను పాటించే పద్ధతి చెబుతాను. ముందుమాట తీసి ఏ మూలప్రతి నుంచి అనువదించారో చెప్పారా లేదా చూస్తాను. చెప్పకపోతే అక్కడే ఆపేస్తాను. మూలంలో లేని మాటలు చేర్చినప్పుడు గుర్తు పెట్టారా? 1611 బైబిలు కూడా అలాంటి మాటలను వేరే అచ్చులో వేసింది. ఖురాన్ అనువాదాల్లో కుండలీకరణాల్లో ఉండేవి చాలావరకు అనువాదకుడి వివరణలు, వాటిని ఆయతు (ఖురాన్ వాక్యం) అని ఉదహరించకూడదు. "అర్థం స్పష్టంగా లేదు" అని ఒక్క చోటన్నా ఒప్పుకున్న అనువాదం మీద నాకు నమ్మకం పెరుగుతుంది, ఎందుకంటే ఏ ప్రాచీన గ్రంథంలోనూ అన్నీ స్పష్టంగా ఉండవు. అన్నిటికంటే ముఖ్యం, ఒకరితో ఒకరు ఏకీభవించని ఇద్దరి అనువాదాలు పక్కపక్కన పెట్టుకోండి. ఒక భక్తుడిది, ఒక విమర్శకుడిది. లేదా ఒక అద్వైతిది, ఒక విశిష్టాద్వైతిది.

మూలభాష నేర్చుకోవాలా అని చివర్లో అడిగారు. పండితులు కానక్కర్లేదు. సంస్కృత గ్రంథాలకు తెలుగులో ప్రతిపదార్థంతో వచ్చిన ప్రతులు ఉన్నాయి, తత్సమాలు మనకు ఎలాగూ తెలుసు కాబట్టి సగం దారి నడిచినట్టే. హీబ్రూ, గ్రీకు, అరబీలకు పదం కింద పదం అర్థం వేసిన ప్రతులు దొరుకుతాయి. మీకు బాగా తెలిసిన ఒక్క అధ్యాయం తీసుకుని మొదలుపెట్టండి. రెండు అనువాదాలూ కలిసిన చోట ధైర్యంగా ముందుకెళ్లండి. విడిపోయిన చోట అంచులో గీత పెట్టుకుని, ముందు రెండు శ్లోకాలూ తరవాతి రెండు శ్లోకాలూ చదివి, అప్పటికీ తేలకపోతే సంఖ్యతో సహా నాకు రాయండి. మూలం తీసి చూసి చెబుతాను.